పుర్రచేతి మాండలిన్ కోసం గోదావరి దాటి

ఒక మాండలిన్ కొనడానికి ఊళ్లు పట్టుకుని తిరగాలా అని మీరడగొచ్చు. మామూలుదైతే అక్కర్లేదు. కాకినాడలో బస్సు దిగి, కొని, మధ్యాహ్నం భోజనానికి తుని వచ్చేయొచ్చు. నాక్కావలసింది పుర్రచేతి మాండలిన్. అదీ ఎనిమిది వేలలో.

నేను పుట్టుకతో పుర్రచేతి మనిషిని కాను. చిన్నప్పటి నుంచీ అందరిలాగే ఎడమచేతి వేళ్లతో మెట్లు నొక్కి, కుడిచేత్తో తీగలు మీటే పిక్కు పట్టి వాయించాను. మా బడిలో ప్రార్థనకి నేనే, మా వీధి భజన బృందానికీ నేనే. కిందటేడు బడి ఇనప గేటు గాలికి విసురుగా మూసుకుని నా ఎడమచేతి రెండు వేళ్లని నలిపేసింది. వేళ్లు దక్కాయి గాని వంగడం మానేశాయి. "పిల్లలకి పాఠాలు చెప్పుకోవచ్చమ్మా, మాండలిన్ మాత్రం మర్చిపోండి" అన్నారు డాక్టరుగారు. చాలా రోజులు ఏడ్చాను. ఒకరోజు పాత మాండలిన్ పట్టుకుని అద్దం ముందు నిలబడితే, అద్దంలో ఉన్నావిడ కుడిచేత్తో మెట్లు నొక్కుతోంది, ఎడమచేత్తో పిక్కు పట్టుకుంది. ఆవిడ వాయించగా లేనిది నేనెందుకు వాయించలేను? ఆ ఊహ వచ్చిన క్షణం నుంచి నాకు కాలు నిలవలేదు.

ఉన్న మాండలిన్‌నే తిప్పి పట్టుకోవచ్చుగా అని మా ఇంట్లో అందరూ సలహా ఇచ్చారు. తిప్పితే లావు తీగలు కిందికీ, సన్న తీగలు పైకీ వెళ్లిపోతాయి. తీగలు మార్చి కడదామంటే అవి కూర్చునే గాట్లు సరిపోవు. పైగా నా దానికి ఒక పక్క చెయ్యి లోపలికి వెళ్లడానికి కోత ఉంది. తిప్పితే ఆ కోత పనికిరాని వైపుకి పోయి, పనికొచ్చే వైపు చెక్క అడ్డం పడుతుంది. ఇదంతా ఇంట్లో వాళ్లకి చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది.

నాతో వచ్చింది మా సత్యవతక్క. మా బావగారి భార్య, నాకు తోడికోడలు. ఉప్పాడ చీరలు తెచ్చి ఇంటి దగ్గరే అమ్ముతుంది. చెప్పిన ధరకి ఏ వస్తువూ కొన్న పాపాన పోలేదు. కొన్నాక, వీధిలో చెప్పేటప్పుడు ఆ ధరని ఇంకాస్త తగ్గిస్తుంది. నాలుగు వందల గిన్నె మా వీధి చివరికి చేరేసరికి రెండు వందల యాభై అయి కూర్చుంటుంది. అలాంటి మనిషి పక్కనుంటే నా ఎనిమిది వేలు పదహారు వేల పెట్టు అనుకున్నాను.

ఉప్పాడలో మగ్గం మీద

ముందు ఉప్పాడ ఎందుకంటే, అక్కకి చీరలు తీసుకోవలసి ఉంది. "నీ మాండలిన్ ఎక్కడికీ పారిపోదు" అంది. పారిపోవడానికి అసలు దొరికితే కదా!

సముద్రం ఒడ్డు రోడ్డు మీద, పోసిన రాళ్ల మీంచి అలలు ఎగిరి పడి మా బస్సు కిటికీలు తడిపేశాయి. టీ కొట్టు దగ్గర దిగి ముఖం తుడుచుకుంటుంటే కొట్టావిడ నవ్వి, "మా పాత కొట్టు అదిగోండి, ఆ అల లేస్తుంది చూడండి, అక్కడండి" అని సముద్రంలోకి చూపించింది. పక్కింటి గేటు సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. అల్లం బాగా దంచి వేసిన టీ. రెండు తాగాను.

నేతవారింట్లో మగ్గం ముందు భార్యాభర్తలిద్దరూ పక్కపక్కనే కూర్చుని ఒకే చీర నేస్తున్నారు. పువ్వులో సగం ఈయన వైపు, సగం ఆవిడ వైపు. నా వేళ్లు చూసి ఆవిడ సంగతేమిటని అడిగింది. చేతులు మార్చి వాయించాలనుకుంటున్నానని చెప్పాను. ఈ మాట విన్నవాళ్లంతా అప్పటిదాకా నన్ను జాలిగా చూసినవాళ్లే. ఆవిడ మాత్రం చేతిలో దారం వదలకుండానే అంది:

"పుట్టింట్లో మా నాన్న పక్కన నేను కుడివైపు కూర్చునేదాన్నండి. ఇక్కడికొచ్చాక ఈయన జరగనంటే జరగనన్నారు. ఎడంవైపు కూర్చోవాల్సొచ్చింది. మొదట్లో నేను నేసిన నెమళ్లన్నీ బాతుల్లాగొచ్చేవండి."

"తర్వాత?" అన్నాను ఆత్రంగా.

"తర్వాత నెమళ్లే. చేతులకేం తెలుసండీ, మనం కూర్చోబెట్టిన చోట కూర్చుంటాయి."

నాకు ఆవిణ్ణి కావలించుకోవాలనిపించింది. చీరల మీద నీళ్లు పడతాయని ఆగాను. నాకు కళ్లనీళ్లు కాస్త త్వరగా వస్తాయి.

కాకినాడ: తెగిన తీగ

కాకినాడ కొట్టాయన మహా హుషారు మనిషి. "లెఫ్ట్ హ్యాండా? ఉందండీ!" అని లోపలికి వెళ్లాడు. చాలాసేపటికి తెచ్చాడు. చూస్తే మామూలు మాండలినే, తీగలు అటువి ఇటు, ఇటువి అటు మార్చి కట్టాడు. ఆ లోపలున్నంతసేపూ చేసిన పని అదన్నమాట.

అయిదున్నర వేలన్నాడు. అక్క రంగంలోకి దిగింది. మెడ వంకరంది, రంగు వెలిసిందంది, ఈ ఊళ్లో దీన్ని కొనే పిచ్చివాళ్లం మేం తప్ప ఇంకెవరూ రారంది. నాలుగు వేలకి తెచ్చేసింది. ఇద్దరూ తృప్తిగా నా వైపు చూశారు.

నేను ఒళ్లో పెట్టుకుని మీటాను. లావు తీగ సన్న గాట్లో ఇమడక పైకి తేలి నిలబడింది. సన్న తీగ లావు గాట్లో దొర్లుతూ, సీసాలో పడ్డ కందిరీగలా జుయ్యిమంది. శ్రుతి చేద్దామని కీలు తిప్పితే ఆ సన్న తీగ టప్పున తెగి నా మణికట్టు మీద ఒక్కటి అంటించింది.

"ఇది వద్దక్కా."

"నాలుగు వేలకి వస్తుంటే వద్దంటావేంటే? తీగ మార్చుకుంటే సరిపోద్ది!"

"తీగ కాదు, గాట్లు మార్చాలి, తీగల కిందుండే బ్రిడ్జి మార్చాలి. దీనికీ ఆ పక్క కోతే ఉంది. నా పాత దానికీ దీనికీ తేడా ఏంటి?"

రోడ్డు మీదకొచ్చాక మేమిద్దరం గట్టిగానే పోట్లాడుకున్నాం. తాను కుదిర్చిన బేరం కాదనడం అక్కకి తల కొట్టేసినట్టయింది. కాజాల కొట్టు వచ్చేదాకా నాకన్నా పది అడుగులు ముందే నడిచింది. వేడి కాజా కొరికితే పాకం గడ్డం మీదకి కారింది. అది చూసి నవ్వింది, నేనూ నవ్వాను. అక్కడితో సరి.

నాలాంటి వాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట గుర్తుంచుకోండి. తీగలు తిరగేసి కట్టినంత మాత్రాన అది పుర్రచేతి మాండలిన్ అయిపోదు. మార్పించుకునేటట్టయితే రెండు పక్కలా ఒకేలా ఉండే నీటిబొట్టు ఆకారంది తీసుకోండి. గాట్ల పట్టీ, బ్రిడ్జి, రెండూ మార్పించండి. ముందు ఒళ్లో పెట్టుకుని వాయించి చూడందే డబ్బు తీయకండి, పక్కన ఎంత గొప్ప బేరగత్తె ఉన్నా సరే.

రాజమండ్రి: ఇరవై నాలుగు వేల ఆనందం

మర్నాడు రాజమండ్రిలో నేను కోరుకున్నది కనిపించింది. అద్దాల బీరువాలో, తేనె రంగులో. పుట్టుకతోనే పుర్రచేతిది. ఒళ్లోకి తీసుకోగానే అది నాకోసమే చేసినట్టు ఒదిగింది. కుడిచేతి వేళ్లు మెట్ల మీద పెట్టి, ఎడమచేత్తో భయంభయంగా ఒక్క షడ్జమం మీటాను. కందిరీగ లేదు, ఏమీ లేదు. శుభ్రమైన షడ్జమం! కిందటేడు నుంచీ నా చేతుల్లోంచి రాని స్వరం. కొట్లో ఇంకెవరైనా ఉన్నారా అని కూడా చూడకుండా "అక్కా, వచ్చింది!" అని అరిచాను.

ఇరవై నాలుగు వేలు.

అక్క బేరం మొదలుపెట్టింది. రెండుసార్లు టీలొచ్చాయి. కొట్టాయన తన కూతురి పెళ్లి కబుర్లు చెప్పాడు, అక్క ఆ పెళ్లికి చీరలు కూడా చూపించింది. చివరికి ఇరవై రెండుకి దిగాడు. అంతకన్నా దిగలేడని అక్కకీ తెలిసిపోయింది. నేను మాండలిన్ తిరిగిచ్చేస్తుంటే కొట్టాయన నా ముఖం చూడలేక పక్కకి తిరిగాడు.

మెట్లు దిగుతుంటే వెనక్కి పిలిచాడు. "అమ్మా, ఒక మాటండి. నరసాపురం అవతల సుందర్రావు మాస్టారని, చర్చిలో వాయించేవారండి. పుర్రచేతి వాటం. పాత మాండలిన్ ఒకటి ఆయన చేతికి సరిపడా మార్పించుకున్నారు. ఏటా మా దగ్గరే తీగలు తీసుకునేవారు. కిందటేడు పోయారండి. అది ఇంట్లోనే ఉండుండాలి. అడిగి చూడండి."

ఎదురుగా రోజ్ మిల్క్ బండి దగ్గర నేను ఒక గ్లాసు, అక్క రెండు గ్లాసులు తాగి, అప్పటికప్పుడు బయల్దేరాం. వంతెన మీద బస్సులో వాళ్లంతా గోదావరిలోకి చిల్లర వేస్తుంటే అక్క కూడా ఒక రూపాయి వేసి కళ్లు మూసుకుంది. రూపాయికి అంతసేపు మొక్కిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

కాలవ గట్టు మీద ఇల్లు

మాస్టారి భార్య కరుణమ్మగారు కాలవ గట్టు మీద, కొబ్బరిచెట్ల వెనక పెంకుటింట్లో ఉంటున్నారు. సార్వా వరి కోతలైపోయి చేలన్నీ ఖాళీగా ఉన్నాయి. మా తునిలో మామిడి తోటలు చూసి పెరిగినదాన్ని. అంత చదునుగా, కంటికి అడ్డం లేకుండా ఉన్న నేల నాకు కొత్త.

మేమెవరమో, ఎందుకొచ్చామో చెప్పడం పూర్తికాకుండానే కంచాలు పెట్టేశారు. మావైపు ముందు సంగతి కనుక్కుని, తర్వాత భోజనం చేస్తారా అనడుగుతాం. ఇక్కడ తిన్నాకే సంగతి. గోంగూరలో రొయ్యలు వేసి వండారు. ఇద్దరం సిగ్గు లేకుండా తిన్నాం.

చెయ్యి కడుక్కున్నాక, పాత చీరతో కుట్టిన సంచీలోంచి మాండలిన్ తీశారు. నీటిబొట్టు ఆకారం, మధ్యలో గుండ్రటి రంధ్రం. తీగలు తుప్పు పట్టాయి. గాట్లు మాత్రం సరైన వైపున్నాయి, బ్రిడ్జీ సరైన వాలులోనే ఉంది. ఒళ్లోకి తీసుకుని కిందికి చూద్దును కదా, మెడ అంచు మీద, సరిగ్గా నా కళ్లకి కనిపించే వైపు, ఎర్రటి చుక్కలు! ఏ మెట్టు ఎక్కడుందో తెలియడానికి అంచున చుక్కలుంటాయి. తిరగేసి పట్టుకునేవాళ్లకి అవి అవతలి వైపుకి పోతాయి. నాకు ముందు ఈ సంగతే తోచలేదు.

"నా గోళ్ల రంగండి," అన్నారు కరుణమ్మగారు. "పెళ్లయిన కొత్తలో ఒక్క సీసా కొన్నారు. సగం దానికే పెట్టేసుకున్నారు."

"అమ్ముతారాండీ?" అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "అమ్మనమ్మా. ఇంట్లో వాయించేవాళ్లు లేరు. చర్చిలో కోతల పండగకి దేవుడికి ఇచ్చేస్తానని అనుకున్నాను. రేపే పండగ. ఆరాధనయ్యాక అన్నీ వేలం వేస్తారు. మీరూ పాడుకోవచ్చు."

"ఇప్పుడే మనలో మనం ఒక మాట అనుకుంటే…" అని అక్క మొదలుపెట్టింది.

"దేవుడికిస్తానన్న దానికి నేను బేరమాడితే బాగుంటుందాండీ?"

మా అక్క నోరు మూతపడటం నా కాపురం మొత్తం మీద అదే మొదటిసారి. రాత్రికి తన ఇంట్లోనే ఉండమని కరుణమ్మగారు పట్టుబట్టారు. నాకు నిద్ర పడితే ఒట్టు.

పైకే గాని కిందికి రాని బేరం

చర్చి ముందు షామియానా కింద గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్లు, బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలు. ఎవరికి పండింది వాళ్లు తెచ్చి పెట్టారు. వీటన్నిటి మధ్యా చీర సంచీలో మాండలిన్. నేను దాని మీంచి కళ్లు తిప్పలేదు.

సంఘ పెద్ద ఒకాయన మైకు పట్టుకుని వేలం మొదలుపెట్టారు. మొదటగా గుప్పెడు వంకాయలు. మూడు వందలకి పోయాయి! కొన్నాయన వాటిని ఇంటికి తీసుకెళ్లలేదు. "దేవుడికే ఇస్తున్నానండి, మళ్లీ పాట పెట్టండి" అని వెనక్కిచ్చాడు. మళ్లీ పాడారు, మళ్లీ పోయాయి. ఒక గుమ్మడికాయ ఇలాగే చేతులు మారి మారి మొత్తం మీద ఎనిమిది వేలు తెచ్చింది. జనం చప్పట్లు. అక్క చెమటలు తుడుచుకుంది. "పద్మా, వీళ్లకేమైనా పిచ్చా?" అంది నా చెవిలో.

మాండలిన్ వంతు వచ్చింది. "మన సుందర్రావు మాస్టారి మాండలినండి. వెయ్యి రూపాయల దగ్గర మొదలుపెడుతున్నాం," అన్నారు పెద్దాయన.

అక్క లేచి నిలబడింది. నేను కొంగు పట్టి లాగేలోపే అందుకుంది. "తీగలు తుప్పు పట్టాయండి. వెనకాల గీత కూడా ఉంది. ఆరు వందలకి ఇచ్చేయండి!"

అంతే. షామియానా ఎగిరిపోయేటంత నవ్వులు. పాస్టరుగారు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నారు. పెద్దాయన మాత్రం మర్యాద తప్పకుండా మైకులోనే, "అమ్మా, ఇది దేవుడి వేలమండి. పైకే గాని కిందికి రాదండి," అన్నారు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ముందు వరసలో కరుణమ్మగారు మాత్రం తల వంచుకునే ఉన్నారు, నవ్వలేదు.

తెల్లచొక్కా వేసుకున్న రొయ్యల చెరువుల ఆయన రెండు వేలన్నాడు. నేను రెండున్నర అన్నాను. మా ఇద్దరి మధ్యా పాట పెరిగింది. ఆయనకి మాస్టారంటే అభిమానమట, హాల్లో గోడకి తగిలించుకుంటాడట. గోడకి! ఆ మాట విన్నాక నా గొంతు దానంతటదే లేచింది. ఆయన ఏడు వేలన్నాడు. నేను ఏడున్నర అన్నాను. ఇంకొక్కసారి ఆయన నోరు తెరిస్తే నా పని అయిపోయినట్టే. ఆయన నా చేతి వైపు, నిలువుగా ఉండిపోయిన ఆ రెండు వేళ్ల వైపు చూసి, కూర్చున్నాడు.

"ఏడున్నర వేలు ఒకటోసారి… రెండోసారి…"

నా ఎనిమిది వేలలోనే!

"తొమ్మిది వేలు!"

గొంతు నా పక్కనుంచే వచ్చింది. సత్యవతక్క చెయ్యి పైకెత్తి ఉంది.

"అక్కా! పాడింది మనమే! అవతల ఎవరూ లేరు!"

"తెలుసులే, నువ్వు ఊరుకో," అంది. గొంతు తగ్గించి, "గుమ్మడికాయ ఎనిమిది వేలు తెచ్చింది. ఆయన వాయించిన మాండలిన్ ఏడున్నరకి పోతుందా? ఆవిడ ముందర కూర్చుని వింటోంది కదే. పైన పడ్డది నా చీరల్లోంచి ఇస్తాను."

పెద్దాయన అయోమయంగా మైకు దించారు. "అమ్మా, మీరిద్దరూ ఒకటే కదండీ?"

"ఒకింటి కోడళ్లమేనండి, ఎవరి పాట వాళ్లదే," అంది అక్క దర్జాగా.

చెరువుల ఆయన పగలబడి నవ్వి మొదట చప్పట్లు కొట్టాడు. తొమ్మిది వేలకి మాండలిన్ మాదైంది. కరుణమ్మగారు తలెత్తి అక్క వైపు చూశారు. ఆ చూపు చూశాక, అక్కతో కాకినాడ రోడ్డు మీద పోట్లాడినందుకు నాకు సిగ్గేసింది.

"ఒక్కసారి వాయించండమ్మా, విని చాలా కాలమైంది," అన్నారు కరుణమ్మగారు. పాటలేమీ రావని, చేతులు మార్చాక నేను చంటిపిల్లతో సమానమని చెప్పాను. అయినా కూర్చున్నాను. ఎర్ర చుక్కలు చూసుకుంటూ స, రి, గ వరకూ వచ్చాను. మధ్యమం దగ్గర అలవాటు లేని ఎడమచెయ్యి తడబడి పిక్కు జారి రంధ్రంలో పడిపోయింది. మళ్లీ నవ్వులు. మాండలిన్ బోర్లించి గలగలా ఊపాను. పిక్కు కింద పడింది. దాని వెనకే ఇంకొకటి పడింది.

తాబేటి చిప్ప రంగుది, ఒక మూల అరిగిపోయి గుండ్రంగా అయింది. నాది కాదు.

కరుణమ్మగారు వంగి దాన్ని తీసుకున్నారు. అరచేతిలో పెట్టుకుని చూశారు. తర్వాత చర్చి వెనక మాస్టారి సమాధి వైపు తిరిగి, అందరికీ వినపడేలా అన్నారు: "చూశారా? నేను తియ్యలేదంటే విన్నారా? ఎన్ని మాటలన్నారు నన్ను!"

నవ్వుతూనే ఏడ్చేశారు. నా సంగతి మీకు తెలిసిందే, నేనూ ఏడ్చాను. నాది నాకిచ్చి, ఆయనది కొంగున ముడేసుకున్నారు.

మళ్లీ తుని

దారిలో రాజమండ్రిలో ఆగి కొత్త తీగలు వేయించాం. ఆ కొట్టాయన డబ్బు పుచ్చుకోలేదు గాని, అక్క దగ్గర రెండు చీరలు బేరమాడి మరీ తీసుకున్నాడు.

ఇప్పుడు సాయంత్రాలు వీధి అరుగు మీద కూర్చుని సరళీ స్వరాలు వాయిస్తున్నాను. నా దగ్గర మాండలిన్ నేర్చుకున్న మూడో తరగతి పిల్లలు నాకన్నా బాగా వాయిస్తారు. నెమళ్లన్నీ ఇంకా బాతుల్లాగే వస్తున్నాయి. అయినా నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

మొన్న ఎదురింటావిడ వచ్చి, "ఎంతకి తెచ్చారేంటండీ?" అని అడిగింది. నేను ఆపి అక్క వైపు చూశాను. అయిదు వేలంటుందా, నాలుగంటుందా అని చూస్తున్నాను.

"పన్నెండు వేలు," అంది అక్క.

ఎదురింటావిడ ముక్కు మీద వేలేసుకుని వెళ్లిపోయింది.

"అక్కా, తొమ్మిదే కదా!"

"మరి ఆ గోళ్ల రంగు ఖరీదు ఎవరు కలుపుతారే?" అని కసిరింది. "నువ్వు వాయించు."

మళ్లీ స దగ్గర మొదలుపెట్టాను.